ఐదో చెక్క

చెయ్యవలసిన పనులు:

ఒకటి. చెప్పులు బయట విప్పి లోపలికి రావాలి. దుమ్ము మనకి పడినా యంత్రానికి పడదు.

రెండు. గది ఎంత చల్లగా ఉందో చూసి తలుపు వెనక కాగితం మీద రాయాలి. నిన్నటి అంకె దించెయ్యకూడదు.

మూడు. పెట్టె మీది దీపాల్ని నమ్మకూడదు. ఐదింట్లో రెండు ఎప్పుడో మాడిపోయాయి.

నాలుగు. ఏ డిస్కునైనా ముట్టుకునే ముందు రాయడం ఆపెయ్యాలి. చదవడం సరే, రాయడం వద్దు.

ఐదు. చెడిపోయిన డిస్కు తాలూకు పొడుగు నెంబరు తెర మీద చూసి, పెట్టె పక్కన అంటించిన కాగితంలో అది ఏ అరలో ఉందో చూసి, పైకి చదివి, అప్పుడు లాగాలి. గదిలో ఎవరూ లేకపోయినా పైకే చదవాలి.

ఆరు. శనివారం గాలి జాలీ కడగాలి.

ఏడు. కాళ్ళూ చేతులూ ఆడకపోతే ఏ మీటా నొక్కకుండా కిందికి పోయి టీ తాగి రావాలి.

ఎనిమిది. రెండో కాపీ కోసం మళ్ళీ ఉత్తరం రాయాలి.

ఈ ఎనిమిదీ ఫ్యూజు మామయ్య రిటైరైన రోజున నా చేతిలో పెట్టిన కాగితంలోవి. గీతల్లేని కాగితం. వరసలన్నీ కుడివైపుకి వెళ్ళేకొద్దీ మెట్లెక్కినట్టు పైకి పోయాయి. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటిదాన్ని నేనే. కంప్యూటర్లలో డిగ్రీ చేతికొచ్చి ఆరునెలలైంది. ఆ కాగితం చదివి లోలోపల నవ్వుకున్నాను. చెప్పులు విప్పడానికీ, టీ తాగడానికీ కూడా కాగితం ఎందుకనుకున్నాను.

మేం పనిచేసింది ఒక పెద్ద ఆసుపత్రిలో. మేడ మీద, వరండా చివర, గొంతుల గది అని ఒకటుండేది. జబ్బు ముదిరి స్వరపేటిక తీసెయ్యవలసి వచ్చిన వాళ్ళని ఆపరేషనుకి ముందురోజు అక్కడ మైకు ముందు కూర్చోబెట్టి, తోచింది మాట్లాడమనేవారు. మర్నాటినుంచి వాళ్ళకి మాట ఉండదు. అందుకని ఆ గొంతు దాచేవారు. పద్నాలుగేళ్ళలో ఆరువందల పైచిలుకు గొంతులు పోగయ్యాయి. అన్నీ పక్కగదిలో, ఐదు డిస్కులున్న ఒక ఇనప్పెట్టెలో ఉండేవి. ఇంటికి కాపీ ఇచ్చే పద్ధతి అప్పట్లో లేదు. వినాలనుకున్నవాళ్ళు సోమవారం పదింటికి వచ్చి బెంచీ మీద కూర్చుంటే, వంతు ప్రకారం చెవులకి హెడ్‌ఫోను తగిలించి వినిపించేవాళ్ళం.

రెండువందల పన్నెండో గొంతు మా నాన్నది.

నాన్న బస్టాండులో కేకలేసేవాడు. అదే ఆయన ఉద్యోగం. ఏ బస్సు ఎక్కడికి పోతుందో, ఏ ఊళ్ళలో ఆగుతుందో, ఎక్కడ ఆగదో, మైకు లేకుండా, నాలుగు ప్లాట్‌ఫారాల చివరిదాకా వినిపించేలా చెప్పేవాడు. పదిహేడు ఊళ్ళపేర్లు ఒక్క ఊపిరిలో. నేను బడినుంచి వస్తుంటే బస్టాండు ఇంకా మలుపు అవతల ఉండగానే ఆయన గొంతు వినపడేది. ఆ గొంతు వినగానే ఆకలి గుర్తొచ్చేది నాకు. నేను పద్నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఆపరేషనైంది. తరవాత మెడలో ఒక చిన్న రంధ్రం, చేతిలో ఒక పలక మిగిలాయి.

నాన్న బడికి పోలేదు. అక్షరాలు బస్సు బోర్డులు చూసి నేర్చుకున్నాడు. కాబట్టి పలక మీద కూడా బస్సు భాషే రాసేవాడు. కడుపు నిండితే "సీట్లు లేవు". నిద్రొస్తే "డిపోకి". అమ్మ కోపంగా ఉంటే నాకు చూపించి "దారి మళ్ళింపు". అంతా బాగుంటే "రైట్ రైట్".

ప్రతి సోమవారం వచ్చి తన గొంతు తను వినేవాడు. నలభై నిమిషాల రికార్డు. అందులో ఆయన మా అందరినీ పిలిచి పిలిచి తిట్టాడు, అమ్మ వంట మీద ఒక జోకు వేశాడు, చివర పదిహేడు ఊళ్ళూ చెప్పాడు. ఎన్నోసారి విన్నా జోకు దగ్గర భుజాలు కదిలేలా నవ్వేవాడు. చప్పుడు మాత్రం ఉండేది కాదు.

ఫ్యూజు మామయ్య మాకు రక్తసంబంధం కాదు. ఆసుపత్రిలో కరెంటు పనివాడిగా చేరాడు. అమ్మ అదే ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. బాయిలరు మోటారు చెడినప్పుడల్లా ఆయన వచ్చి బాగుచేసేవాడు కాబట్టి అమ్మకి అన్నయ్య అయ్యాడు, అలా నాకు మామయ్య, నాన్నకి బావ. రికార్డింగు పరికరాలొచ్చినప్పుడు వాటిని చూసుకునే మనిషి లేక ఈయన్ని పైకి పంపారు. అక్కడే ఉండిపోయాడు. చదువు ఎనిమిదో తరగతి. నన్ను ఆయన స్థానంలో వేసినప్పుడు నా పోస్టుకి పెద్ద పేరు పెట్టారు. ఆయన పోస్టుకి ఆఖరిదాకా "సహాయకుడు" అనే ఉంది.

చేరిన వారం ఆయన నన్ను పెట్టె ముందు కూర్చోబెట్టాడు.

"ఏమ్మా డిగ్రీ, ఐదింట్లో ఒక డిస్కు చచ్చిందనుకో. అందులో ఉన్నది ఎట్లా వస్తుంది?"

"పారిటీ ఉంది కదండీ మామయ్యగారూ. మిగతా నాలుగింటినీ ఎక్సార్ చేస్తే వచ్చేస్తుంది."

"ఎవరు ఆయన?"

పుస్తకంలో ఉన్న నిర్వచనం ఊపిరి తీసుకోకుండా ఒప్పజెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "బాగుంది. మీ నాన్న పోలికే. ఆగకుండా చెప్పేశావు. సరే, మీ అమ్మ గోడ మీద ఐదో చెక్క గుర్తుందా నీకు?" అన్నాడు.

గుర్తులేకేం? ఆ గోడ కిందే కూర్చుని నేను హోంవర్కు చేసుకునేదాన్ని. ఆవిరికి పుస్తకం అట్టలు ఉబ్బేవి. పై చదువులకి పోయాక మాత్రం అమ్మ పని సంగతి ఎవరైనా అడిగితే "ఆసుపత్రిలో చేస్తుంది" అని ఊరుకునేదాన్ని.

లాండ్రీకి నాలుగు వార్డులనుంచి మూటలొచ్చేవి. వార్డుకొక పొడుగాటి చెక్క. దానికి పైనించి కిందికి కొక్కేలు. మొదటి కొక్కెం దుప్పట్లది, రెండోది దిండు గలేబులది, తరవాత గౌన్లు, తువ్వాళ్ళు, తెరలు, అట్లా పన్నెండు. ఆ పూట వార్డునుంచి దుప్పట్లు వస్తే దుప్పట్ల కొక్కేనికి ఒక రేకు బిళ్ళ తగిలించేవాళ్ళు. రాకపోతే ఖాళీ. సాయంత్రం ఉతికిన బట్టలతో పాటు చెక్క వార్డుకి వెళ్ళి మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చేది. వెళ్ళిన చెక్క ఒక్కోసారి తిరిగొచ్చేది కాదు. అప్పుడు మొదలయ్యేది తగువు. "మేం తెరలు పంపాం, మీరే పోగొట్టారు" అని వార్డు ఆయాలు, "మీరు పంపనేలేదు" అని లాండ్రీవాళ్ళు.

అమ్మకి లెక్కలు రావు. జతలు వచ్చు. బట్టలు మడతపెట్టే చేతులకి జతలు రాకపోతే పని నడవదు. ఆవిడ ఐదో చెక్క ఒకటి చేయించి గోడకి కొట్టించింది. దానికి వార్డు లేదు. చెక్కలు బయటికి వెళ్ళే ముందు ఐదింటినీ పక్కపక్కన పెట్టి అడ్డంగా చూసేది. దుప్పట్ల వరసలో నాలుగు చెక్కల మీదా కలిపి బిళ్ళలు జతలుగా ఉంటే తన చెక్క ఖాళీ. ఒంటి బిళ్ళ మిగిలితే, దాన్ని జత చెయ్యడానికి తన చెక్క మీద ఒకటి. పన్నెండు వరసలూ అంతే. అంటే, ఏ వరస చూసినా ఐదింటి మీదా కలిపి ఎప్పుడూ జతలే.

మర్నాడు ఒక చెక్క రాలేదనుకోండి. కొత్త చెక్క తెచ్చి, మిగిలిన మూడు వార్డుల చెక్కలూ తన చెక్కా అడ్డంగా చూసేది. వరసలో ఒంటి బిళ్ళ కనపడితే, దాని జత పోయిన చెక్క మీద ఉన్నట్టు. జతలే కనపడితే అక్కడేమీ లేనట్టు. పన్నెండు వరసలు చూసేసరికి పోయిన చెక్క పోయినట్టే తిరిగి తయారయ్యేది. "తెరలు పంపావుగానీ గౌన్లు పంపలేదు పో" అనేది అమ్మ. ఆయాలు నోళ్ళు నొక్కుకునేవాళ్ళు. అమ్మ మంత్రగత్తె అని ఒక పుకారు కూడా ఉండేది.

"కంపెనీ మనిషొచ్చి రెండు గంటలు బోర్డు మీద రాశాడు," అన్నాడు మామయ్య. "నాకు ముక్క అర్థం కాలేదు. చివరికి ఆయన, ఒకటి పోయినా మిగతావి చూసి దాన్ని తిరిగి రాసుకోవచ్చు అన్నాడు. ఓహో, చెల్లాయి ఐదో చెక్కా అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఇద్దరం సమానం."

"కానీ మామయ్యగారూ, ఇందులో ఐదో డిస్కు అని విడిగా లేదండీ. ఆ పని ఐదూ పంచుకుంటాయి."

"అవును. మీ అమ్మ ఒక్కతే మోసింది. ఇవి వంతులేసుకుంటాయి. తెలివైనవి." ఆ వెంటనే అడిగాడు, "రెండు చెక్కలు ఒకేసారి పోయిన రోజు గుర్తుందా?"

ఉంది. ఆరోజు అమ్మ గోడ ముందు చాలాసేపు నిలబడి, చెప్పులేసుకుని వార్డులకి వెళ్ళి ఒక్కొక్కరినీ అడిగింది. ఒంటి బిళ్ళ కనపడ్డా, దాని జత ఏ చెక్కదో చెప్పడం ఎవరి తరం?

"అందుకే రెండో కాపీ ఇంకో భవనంలో ఉండాలంటాను. పదకొండు ఉత్తరాలు రాశాను. పన్నెండోది నువ్వు రాయి."

ఆయన వెళ్ళిపోయాక మూడో నెలలో, ఒక సోమవారం తొమ్మిదింబావుకి నేను గది తెరిచి చెప్పులు విప్పేసరికి తెర మీద ఎర్రగా ఒక వరస ఉంది. డిస్కు 3 పనిచేయడం లేదు.

భయం వెయ్యలేదు. నిజం చెప్పాలంటే కాస్త సంతోషమే వేసింది. చదివినది చేసి చూపించే రోజు వచ్చిందనుకున్నాను. బీరువాలోంచి కొత్త డిస్కు తీశాను. కాగితంలో నాలుగో పని ప్రకారం రాయడం ఆపాను. చెప్పిన పని చెయ్యడం చిన్నప్పటినుంచీ అలవాటు. ఐదో పని దగ్గర మాత్రం సిగ్గేసింది. ఖాళీ గదిలో పద్నాలుగు అంకెల నెంబరు పైకి చదవడమేమిటి, వరండాలో ఎవరైనా వింటే ఏమనుకుంటారు? డిస్కు 3 అని స్పష్టంగా కనపడుతూనే ఉంది కదా. పెట్టె అరల మీద అంకెలు లేవు. ఎడమనుంచి ఒకటి, రెండు, మూడు అని వేలితో లెక్కపెట్టి, మూడోది లాగాను.

పెట్టె కీచుమని అరిచింది. ఆ అరుపు ఆగలేదు.

యంత్రం సున్నానుంచి లెక్కపెడుతుంది. సున్నా, ఒకటి, రెండు, మూడు. దాని మూడు మన నాలుగు. ఇది నేను కాలేజీలో మొదటి నెలలోనే నేర్చుకున్న సంగతి. పరీక్షలో రెండు మార్కులకి రాశాను కూడా. చచ్చిన డిస్కు నాలుగో అరలో హాయిగా కూర్చుని ఉంది. బతికున్నదాన్ని నేను బయటికి లాగాను. ఐదింట్లో రెండు లేవు. తెర మీద కొత్త వరస వచ్చింది. డిస్కులు కలవడం లేదు, అన్నీ చెరిపి కొత్తగా మొదలుపెట్టమంటారా? అవును, కాదు.

లాగిన డిస్కుని గబగబా వెనక్కి తోశాను. పెట్టె దాన్ని గుర్తుపట్టలేదు. కొత్తగా వచ్చిన పరాయిదానిలా చూసింది. ప్రశ్న అలాగే ఉంది. అవును, కాదు. నా చూపుడువేలు మీట మీద ఉంది. ఏదో ఒకటి నొక్కితే అరుపైనా ఆగుతుంది అనిపించింది. ఆ క్షణంలో అది ఒక్కటే కావాలనిపించింది నాకు. అప్పుడు ఏడో పని గుర్తొచ్చింది. వేలు తీసి, తలుపు తాళం వేసి, చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి వెళ్ళాను.

టీ తాగలేకపోయాను. గ్లాసు పట్టుకుని తిరిగొచ్చేసరికి నాన్న బెంచీ మీద ఉన్నాడు, ఉతికిన చొక్కాతో. పక్కన కుట్టు టీచరు. ఆవిడకీ మాట లేదు, మూడువందల నలభయ్యో గొంతు ఆవిడది. ఇద్దరూ వంతు కోసం సైగలతో పోట్లాడుకుంటున్నారు. నా మొహం చూసి ఆపేశారు.

"ఈరోజు కుదరదు నాన్నా."

పలక మీద రాశాడు. "బ్రేక్ డౌనా?"

తల ఊపాను. అంతటితో ఊరుకోవచ్చు. అబద్ధం రాలేదు. "నేనే చేశాను నాన్నా. తప్పుది లాగాను. అన్నీ పోయుండొచ్చు. నీది కూడా."

నాన్న పలక ఒళ్ళో పెట్టుకున్నాడు. బలపం రెండుసార్లు ఆనించి తీశాడు. చివరికి రాసింది ఇది. "మెకానిక్?"

మామయ్యకి ఫోను చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. ఆయన ఇల్లు ఊరి రెండో చివర, రెండు బస్సులు మారాలి. నేను గది వదిలి వెళ్ళడానికి లేదు. నాన్న లేచి నిలబడ్డాడు, పలక తుడిచి "నేను పోతా" అని రాసి నాకు చూపించి, వరండాలో అప్పుడే నడక మొదలుపెట్టాడు. ఏ బస్సు ఎక్కడ మారాలో ఆయనకి ఎవరు చెప్పాలి?

గంటా పది నిమిషాలు. ఆ సమయంలో నేను ఏమీ ముట్టుకోలేదు. పెట్టె అరుస్తూనే ఉంది. కుట్టు టీచరు లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది, నాకు తోడుగా.

మామయ్య లుంగీ మీద చొక్కా తొడుక్కుని వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పాడు. లోపలికొచ్చి పెట్టెని చూడలేదు, నన్ను చూశాడు.

"రాయడం ఆపావా?"

"ఆపాను."

"లాగకముందా, లాగాకా?"

"ముందే."

గోడకి ఆనుకుని ఊపిరి వదిలాడు. "అయితే బతికాం. ఇంకేం నొక్కావు?"

"ఏమీ నొక్కలేదండీ. టీకి వెళ్ళాను."

"తాగావా?"

"లేదు."

"సగం పనే చేశావన్నమాట." అప్పుడు నవ్వాడు. "పెరట్లో బట్టలారేస్తున్న నా ముందుకొచ్చి మీ నాన్న పలక పెట్టాడు. ఏం రాశాడో తెలుసా? 'బావా, బండి లోయలో పడింది'. గుండె జారిపోయింది నాకు. నువ్వే పడ్డావనుకున్నా."

గుమ్మంలో నాన్న పలక అడ్డం పెట్టుకుని మొహం దాచుకున్నాడు.

తరవాత పని నిదానంగా జరిగింది. ఆయన నా చేతనే చేయించాడు. ముందు ఆ ప్రశ్నకి "కాదు". ఆ తరవాత పెట్టె పక్కన అంటించిన కాగితం చూసి, ఒక్కొక్క డిస్కు నెంబరూ పైకి చదివి, ఏ అరలోది ఆ అరలోనే ఉందని రూఢి చేసుకున్నాం. ఈసారి నేను గట్టిగా చదివాను, వరండా అంతా వినపడేలా. నేను లాగిన డిస్కు బాగానే ఉంది. లాగినప్పటినుంచీ మిగతా వాటి మీద ఒక్క అక్షరం కూడా పడలేదు కాబట్టి నాలుగూ ఇంకా ఒక్క మాట మీదే ఉన్నాయి. రాయడం ఆపకుండా లాగి ఉంటే, వాటి లెక్క ముందుకి పోయి, ఇది వెనకబడి, జతలు కుదిరేవి కావు. ఇది పరాయిది కాదు, నీదే, ఉన్నది ఉన్నట్టు తీసుకో అని పెట్టెకి చెప్పే మార్గం ఒకటుంది. చెప్పాం. అరుపు ఆగింది. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ జ్ఞాపకం.

"ఒక్క ఫైలు తెరిచి చూడు," అన్నాడు మామయ్య. "ఒక్కటే. ఏది తెరుస్తావో నీ ఇష్టం."

నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. నేను మూడువందల నలభై తెరిచాను. తోడు కూర్చున్నావిడది. రెండువందల పన్నెండు తెరిచి అది పలకకపోతే తరవాత పని చెయ్యడానికి నా చేతులు లేచేవి కావు. కుట్టు టీచరు గొంతు స్పష్టంగా వినిపించింది, ఎవరినో కత్తెర ఎక్కడ పెట్టావే అని అడుగుతూ. ఆవిడ గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పన్నెండు దాటుతుండగా చచ్చిన డిస్కు తీసి, కొత్తది నాలుగో అరలో పెట్టాం. ఇక పెట్టె తన పని మొదలుపెట్టింది. మిగతా నాలుగింటినీ మొదటినుంచి చివరిదాకా చదువుతూ, వరస వరసకీ జత చూసుకుంటూ, పోయినదాన్ని కొత్తదాని మీద రాస్తుంది. ఐదున్నర గంటలు. ఈలోగా ఆ నాలుగింట్లో ఇంకొకటి పోతే, ఇక అంతే. అవన్నీ ఒకే వయసువి, ఒకే రోజు కొన్నవి. ఆ సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మధ్యాహ్నం అమ్మ లాండ్రీనుంచి భోజనం డబ్బాతో వచ్చింది. సంగతి కింద అప్పటికే పాకిపోయింది.

"రెండు చెక్కలు పోయాయటగా?"

"ఒకటే పోయిందమ్మా. రెండోది నేను దాచాను."

"దాచినదైతే దొరుకుతుందిలే." మామయ్య వైపు తిరిగి, "ఏం అన్నయ్యా, నీ మేనకోడలికి డిగ్రీ ఇచ్చినవాళ్ళు లెక్కపెట్టడం నేర్పలేదా?" అంది.

"నేర్పారు చెల్లాయ్. సున్నానుంచి నేర్పారు. అక్కడే వచ్చింది."

నేను తప్ప అందరూ నవ్వారు. నాన్న భుజాలు ఊగాయి. తరవాత నేనూ నవ్వాను.

అమ్మ వెళ్ళాక మామయ్య నన్ను ఆ కాగితం తియ్యమన్నాడు. "వెనక్కి తిప్పి చూశావా ఎప్పుడైనా?"

చూడలేదు. వెనక ముప్పై ఒక్క పేర్లున్నాయి. ఒక్కొక్క పేరు పక్కన చిన్న టిక్కు.

"పెట్టె వచ్చిన రెండో ఏడు. నేనూ నీలాగే తప్పుది లాగాను. రాయడం ఆపలేదు. ఆపాలని తెలీదు. ఒక మనిషి పక్కగదిలో మైకు ముందు మాట్లాడుతూనే ఉన్నాడు. తరవాత అరుపు ఆపడానికి 'అవును' నొక్కాను. అప్పటికి ఉన్నవి ముప్పై ఒక్క గొంతులు. అన్నీ పోయాయి."

"టిక్కులేమిటండీ?"

"ఇళ్ళకి వెళ్ళి చెప్పాను. ఒక్కొక్కరికీ. ఉత్తరం రాయమన్నారు పైవాళ్ళు. గొంతు పోగొట్టి ఉత్తరం రాయడమేమిటి? నాలుగు నెలలు పట్టింది. కొందరు తలుపేసుకున్నారు. ఒకాయన పలక మీద రాసి చూపించాడు, 'మంచినీళ్ళు తాగుతావా' అని. అది ఎక్కువ కష్టమైంది." కాగితం మడిచి నాకిచ్చాడు. "నువ్వు చదువుకున్నదానివి. ఇవన్నీ నీకు తెలిసినవే. తెలిసినవాటికి కూడా కాగితం ఉంటే మంచిదని రాశాను."

ఐదూ నలభైకి తెర మీద వరస ఆకుపచ్చగా మారింది. ఐదు డిస్కులూ బాగున్నాయి.

నాన్న పొద్దుటినుంచీ అదే బెంచీ మీద ఉన్నాడు. పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోను పెట్టబోతే వద్దన్నాడు. స్పీకరు చూపించాడు. రెండువందల పన్నెండు తెరిచాను. "ఇది ఆన్‌లో ఉందా బావా?" అని మొదలైంది. మమ్మల్ని పిలిచి తిట్టాడు. అమ్మ వంట మీద జోకు వేశాడు. ఆ జోకు తరవాత, మీరు జాగ్రత్తగా వింటే, వెనకనుంచి ముక్కుతో ఎవరో నవ్వాపుకున్న చప్పుడు ఉంటుంది. ఆపైన ఊళ్ళు. పదిహేడూ, ఒక్క ఊపిరిలో.

ఆ కేకలో సుమారు ఐదోవంతు పొద్దున తొమ్మిదింబావుకి ఏ డిస్కు మీదా లేదు. మిగతావాటిని చూసి జత కుదిర్చి తెచ్చింది. ఏ ఊరిపేరు అసలుదో, ఏది తిరిగొచ్చిందో వెతికాను. తెలియలేదు. నాన్నకీ తెలియలేదు. పలక మీద రాసి మామయ్యకి చూపించాడు. "రైట్ రైట్."

నేను పన్నెండో ఉత్తరం మర్నాడే రాశాను. పదమూడు, పద్నాలుగు కూడా రాశాను. నా తప్పు సంగతి దాచకుండా రాసిన పదిహేనోదానికి జవాబు వచ్చింది. ఇప్పుడు గొంతులు రెండు భవనాల్లో ఉన్నాయి, ఇంటికీ ఒక కాపీ ఇస్తున్నాం. ఆ పెట్టె ఎప్పుడో పాతసామానులోకి పోయింది. పనిలో చేరినవాళ్ళకి నేను ఇచ్చే కాగితంలో పనులు పన్నెండయ్యాయి, మొదటిది ఇంకా చెప్పులదే. లాండ్రీ కూలగొట్టినప్పుడు ఐదో చెక్క ఇంటికి తెచ్చుకున్నాను. మా ఇంట్లో తాళంచెవులు దానికే తగిలిస్తాం.

ఫ్యూజు మామయ్య పోయి పదకొండేళ్ళు. అన్ని గొంతులు దాచిన మనిషి తన గొంతు ఎక్కడా దాచలేదు. గొంతు బాగుండగానే పోయాడు, మైకు ముందు కూర్చునే అవసరం రాలేదు. ఏ ఫైలు మీదా ఆయన పేరు లేదు. ఉన్నదల్లా రెండువందల పన్నెండులో, పదిహేడో నిమిషంలో, ఆ ముక్కు నవ్వు. మిగతా ఆయనంతా మా దగ్గర తలో ముక్కగా ఉన్నాడు. నాన్న దగ్గర కొంత, అమ్మ దగ్గర కొంత, కుట్టు టీచరు దగ్గర, నా దగ్గర. నలుగురం కూర్చుంటే ఒకరు మరిచినది మిగతావాళ్ళం చూసి చెప్పుకునేవాళ్ళం.

పోయినేడాది నాన్న పోయాడు. అమ్మకి ఈమధ్య మరుపు మొదలైంది. రెండు పోతే ఏమవుతుందో నాకు తెలుసు.

అందుకే అడుగుతున్నాను. మీరు ఆయన్ని చూడలేదు, చూసి ఉండరు. పొట్టిగా ఉండేవాడు. కళ్ళజోడుకి ఒక పుల్ల దారంతో కట్టి ఉండేది. ఖాళీ గదిలో నెంబర్లు పైకి చదివేవాడు. ముప్పై ఒక్క ఇళ్ళకి నడిచి వెళ్ళాడు. ఎప్పుడైనా ఏదో గుమ్మం ముందు చెప్పులు విప్పేటప్పుడు, ఒక్కసారి ఆయన్ని తలుచుకోండి.